భుజబలమే కాదు, భుజసారళ్యమూ కావాలి

భుజబలం అనే మాటకు మన సాహిత్యంలో గొప్ప గౌరవమున్నది. కాని బలం వేరు, సారళ్యం వేరు. బస్తా నెత్తగల చేయి వీపు వెనుకకు తిరుగలేకపోవచ్చును. మన కళాశాలలలో బలానికి బహుమతులున్నవి. సారళ్యానికి పది నిమిషాల వ్యవధియైనా లేదు. ఈ లోపాన్ని సవరించుకొనవలెనని నా అభిప్రాయం.

మన సీమ భుజాల కష్టంపై బ్రతికిన సీమ. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన గద్వాల చీర నూలు నేతకు పట్టుటంచును కలిపే నేర్పుకు ప్రసిద్ధం. ఆ నేర్పు వెనుక గుంటమగ్గంపై దినమంతా ముందుకు వంగిన భుజాలున్నవి. వనపర్తి మార్కెట్టులో వేరుశనగ బస్తాలు మోసే హమాలీలు, దూరదేశాలలో ఆనకట్టలకు మట్టి మోసిన పాలమూరు కూలీలు మనవారే. వారి బిడ్డలే నేడు మన తరగతులలో ఉన్నారు. తండ్రి మగ్గంపై వంగినట్లే కుమారుడు బల్లపై వంగుతున్నాడు. తీరిక దొరికితే సెల్‌ఫోనుపై వంగుతున్నాడు.

శరీరంలోని కీళ్ళన్నిటిలో అత్యధికంగా కదలగలది భుజసంధి. లోతు తక్కువైన గుంటలో గుండ్రని ఎముక తిరుగుతుంది. కదలిక కొరవడితే చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకొంటవి. నలుబది దాటినవారిలో, ముఖ్యంగా మధుమేహమున్నవారిలో, భుజం పట్టివేయుట తరచుగా కనిపిస్తుంది.

"కాయకష్టం చేసేవారికి వేరే వ్యాయామమెందుకు?" అని కొందరడుగవచ్చు. పని చేతిని ఒకే దిశలో మరల మరల త్రిప్పుతుంది. వ్యాయామం అన్ని దిశలకూ చాపుతుంది. భేదమిదే.

పద్ధతి సులభం. మొదట భుజాలను ముందుకూ వెనుకకూ పదేసిమార్లు త్రిప్పవలెను. పిదప ఒక చేతిని రొమ్ముకడ్డంగా చాచి రెండవ చేతితో దగ్గరకు తీసికొనవలెను. గోడకెదురుగా నిలిచి వ్రేళ్ళతో మెల్లగా పైకి ప్రాకించవలెను. తువ్వాలును వీపు వెనుక క్రిందికి వ్రేలాడదీసి, పై చేతితో నెమ్మదిగా లాగవలెను. గుమ్మానికి ఇరుప్రక్కల చేతులానించి ఒక అడుగు ముందుకు వేసిన రొమ్ము విచ్చుకొనును. ఒక్కొక్క భంగిమలో ఇరువది, ముప్పది సెకనులు నిలువవలెను; కుదుపు కూడదు. స్వల్పమైన బిగువు సహజం. పదునైన నొప్పి కలిగిన వెంటనే మానవలెను. నొప్పి వారాల తరబడి ఉన్నచో వైద్యుని చూడవలెను.

దీనికి మైదానం అక్కరలేదు, పరికరం అక్కరలేదు, ప్రత్యేక దుస్తులు అక్కరలేదు. ఆటస్థలానికి రాలేని విద్యార్థినులు సైతం తరగతి గదిలోనే చేయవచ్చును. కావున దినమునకు పది నిమిషాలు టైంటేబులులో చేర్చవలసినదిగా కళాశాల కమిటీ పెద్దలను సవినయంగా కోరుచున్నాను. విద్యార్థులారా, నేర్చినదానిని ఇంటికి కొనిపోయి మగ్గం దిగిన తండ్రికి, పొలం నుండి వచ్చిన తల్లికి నేర్పుడు. మీ చదువు వారి కష్టానికి మొదట తీర్చగల ఋణమదియే.