పండుగ రాత్రి పొగ: సగటులో కనిపించని ఉప్పుగూడ

దీపావళి మర్నాడు హైదరాబాద్ గాలి ఎంత చెడిందన్న చర్చ ఏటా ఒకే అంకె చుట్టూ తిరిగి, ఢిల్లీ కంటే ఇక్కడ చాలా నయమన్న మాటతో ముగుస్తుంది. ఆ అంకె ఎలా తయారవుతుందో చూస్తే ఈ ఊరటలో పస లేదని తెలుస్తుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి రోజూ సాయంత్రం 4 గంటలకు ప్రకటించే వాయు నాణ్యత సూచీ అంతకు ముందరి 24 గంటల సగటు కనుక, పండుగనాటి ప్రకటనలో పండుగ రాత్రి అసలు ఉండదు. మర్నాటి ప్రకటనలో ఉన్నా పగటి గాలితో కలిసి పలచబడుతుంది. ఉదాహరణకు, 2.5 మైక్రాన్లకు మించని సూక్ష్మ ధూళి కణాలు, అంటే పీఎం 2.5, ఘనపు మీటరు గాలిలో నాలుగు గంటలపాటు 300 మైక్రోగ్రాములు, మిగిలిన ఇరవై గంటలు 40 మైక్రోగ్రాముల చొప్పున ఉన్నాయనుకుంటే రోజు సగటు 83 వస్తుంది. జాతీయ ప్రమాణం 60 కాబట్టి కాస్త మించినట్లే కనిపించి, సూచీలో ‘మధ్యస్థం’ తరగతిలో పడుతుంది. ఊపిరితిత్తుల లోతుల్లోకి చేరే ఈ కణాలను ఆ నాలుగు గంటలు వాకిట్లో నిలబడి పీల్చిన ఉబ్బస రోగికి ఆ సగటు వల్ల ఒరిగేదేమీ లేదు.

కొలిచే చోటుతోనూ ఇలాంటి చిక్కే ఉంది. పాతబస్తీ గాలికి తరచుగా కొలమానమయ్యే జూపార్కు గాలి నాణ్యత కొలత కేంద్రం చెట్ల మధ్య, మీర్ ఆలం చెరువుకు చేరువలో ఉంది. అక్కడికి కొన్ని కిలోమీటర్ల దూరంలో, ఫలక్‌నుమా వెళ్లే ఎంఎంటీఎస్ రైలు మార్గంలో ఉన్న ఉప్పుగూడలో గోడకు గోడ ఆనుకున్న ఇళ్ల మధ్య సన్నని గల్లీలున్నాయి. అలాంటి గల్లీలో గడప ముందు వెలిగించిన చిచ్చుబుడ్డి పొగ అటూ ఇటూ గోడల మధ్యే చిక్కుకుని, చుట్టూ మూగిన పిల్లల ముక్కు ఎత్తులోనే చాలాసేపు తిరుగుతుంది. చప్పుడు చేయదు కదా అని చిన్నపిల్లల చేతికిచ్చే పాముబిళ్ల బాణసంచాలో అత్యధికంగా పొగ వెలువరించే వాటిలో ఒకటి.

ఆ పొగ కేవలం బొగ్గు మసి కాదు. మందుగుండుకు మూలమైన పొటాషియం నైట్రేట్, గంధకం, బొగ్గు మండినప్పుడు సూక్ష్మ కణాలతో పాటు శ్వాసనాళాలను మండించే సల్ఫర్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఎరుపు కోసం స్ట్రాన్షియం, ఆకుపచ్చ కోసం బేరియం, తెల్లని వెలుగు కోసం అల్యూమినియం కలుపుతారు కనుక ఆ లోహాలూ గాలిలో చేరతాయి.

కాలం కూడా కీడు చేస్తుంది. ఆషాఢంలో ఉప్పుగూడ మహంకాళి బోనాల వేళ కాల్చే టపాసుల పొగను వానగాలులు చెదరగొడతాయి, వాన కడిగేస్తుంది. ఆశ్వయుజ అమావాస్య నాటికి గాలి నెమ్మదించి, రాత్రి నేల త్వరగా చల్లబడి, కింది చల్లగాలిపై వెచ్చని గాలి మూతలా నిలుస్తుంది. ఉష్ణోగ్రతా విలోమం అనే ఈ స్థితిలో పొగ పైకి లేవలేక తెల్లవారేదాకా నేలబారుగానే ఉంటుంది. అందుకే రాత్రి 8 నుంచి 10 గంటల వరకే కాల్చాలన్న సుప్రీంకోర్టు పరిమితి, అక్షరాలా పాటించినా, పీల్చడాన్ని రెండు గంటలకు కుదించలేదు.

ఆ పరిమితి విధించిన 2018 అక్టోబర్ 23 నాటి తీర్పు లడీలను, అంటే గొలుసుగా కట్టిన టపాసులను, బేరియం లవణాలను నిషేధించి, హరిత బాణసంచానే అనుమతించింది. 2020లో తెలంగాణ హైకోర్టు పూర్తి నిషేధం విధిస్తే, మర్నాడే, నవంబర్ 13న, సుప్రీంకోర్టు దాన్ని సడలించి హరిత బాణసంచాకు రెండు గంటలు ఇచ్చింది. సాధారణ రకాల కంటే వీటి ధూళి సుమారు 30 శాతమే తక్కువ. ఇరుకు గల్లీలో మిగిలిన 70 శాతమూ చిన్నదేమీ కాదు.

అదే 2018 తీర్పు పండుగకు ముందు ఏడు రోజులు, తర్వాత ఏడు రోజులు గాలిలో అల్యూమినియం, బేరియం, ఇనుము కూడా కొలవాలని రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండళ్లను ఆదేశించింది. ఆ కొలతలు గంటల వారీగా, ఉప్పుగూడ వంటి బస్తీల లోపల తీసుకుని, మర్నాటి ఉదయానికే తెలుగులోనూ ఉర్దూలోనూ ప్రకటిస్తే, ఏ వేళకు తలుపులు మూయాలో, పెద్దవాళ్లను ఎప్పటిదాకా బయటికి పంపకూడదో ఇంటింటికీ తెలుస్తుంది. ఇక కాలిన కాగితాన్ని, బూడిదను పొడిగా ఊడ్చి ఆ ధూళిని మళ్లీ లేపే పారిశుద్ధ్య కార్మికుల కోసం ముందు నీళ్లు చల్లించి, సరైన మాస్కులివ్వడానికి నగరపాలక సంస్థ ఏ కొలతల కోసమూ ఆగనక్కరలేదు.