థెరపిస్టుకు ల్యాబుతో పనేంటి?

సైకాలజీలో పీజీ ముగించిన పిల్లలకు మన దగ్గర తప్పకుండా దొరికే సలహా ఒకటుంది: ఏదో ఒకటి ఎంచుకో. థెరపీ చేస్తావా, మెదడు మీద పరిశోధన చేస్తావా, పాఠాలు చెబుతావా? మూడూ కావాలంటే రెండు పడవల మీద కాళ్లు పెట్టి మూడోదాని కోసం చెయ్యి చాచినట్టేనట. అనుభవజ్ఞుల మాటలాగే ఉంటుంది. క్లినికల్ సైకాలజీ ఎలా పుట్టిందో చూస్తే మాత్రం ఈ మాట నిలవదు.

1896లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో లైట్నర్ విట్మర్ మొట్టమొదటి సైకలాజికల్ క్లినిక్ తెరిచారు. ఆయన జర్మనీలో విల్‌హెల్మ్ వుంట్ దగ్గర శిక్షణ పొందిన ప్రయోగశాల మనిషి. క్లినిక్ ఆలోచనకు మూలం ఆయన చెప్పే తరగతే. ఆ పాఠాలు వినడానికి వచ్చే ఒక టీచరమ్మ తన బడిలోని పద్నాలుగేళ్ల కుర్రాడి సంగతి చెప్పారు. ఎంత నేర్పినా వాడికి స్పెల్లింగులు రావడం లేదు, మీ శాస్త్రం దీనికేమైనా చేయగలదా అన్నారు. పరీక్షిస్తే వాడి చూపులో లోపం బయటపడింది. ప్రశ్న తరగతి గదిలో పుట్టింది, పరీక్షించే పద్ధతి ల్యాబు నుంచి వచ్చింది, మేలు పిల్లాడికి జరిగింది. అప్పుడాయన ఏదో ఒకటే ఎంచుకుని ఉంటే క్లినిక్కే లేదు.

అదే విశ్వవిద్యాలయంలో తర్వాతి తరాల్లో ఆరన్ బెక్ వచ్చారు. డిప్రెషన్ అంటే తనమీదకే తిరిగిన కోపమన్న ఫ్రాయిడ్ సిద్ధాంతాన్ని రుజువు చేద్దామనే ఆయన మొదలుపెట్టారు. రోగుల కలలను వర్గీకరించి చూస్తే కోపం కన్నా ఓటమి, నష్టం, తిరస్కారం ఎక్కువగా కనిపించాయి. కాగ్నిటివ్ థెరపీకి దారి అక్కడే పడింది. రోగి చెప్పింది వినడంతో ఆగిపోయే మనోవిశ్లేషకుడై ఉంటే, తాను నమ్మిన సిద్ధాంతం తప్పని ఆయనకు తెలిసేదే కాదు.

‘సరే, మెదడు సంగతి థెరపిస్టుకెందుకు?’ అంటారు. భయాలకు చేసే చికిత్సే దీనికి జవాబు. కుక్కంటే హడలిపోయే మనిషిని కొద్దికొద్దిగా కుక్కకు దగ్గర చేసే ఎక్స్‌పోజర్ థెరపీ పాతదే. భయం తగ్గేదాకా అక్కడే ఉంచితే అది చెరిగిపోతుందని చాలామంది నమ్మారు. ఎలుకల మీద చేసిన ప్రయోగాలు మరోలా చెప్పాయి. పాత భయం చెరగదు. ‘ఇక్కడ ప్రమాదం లేదు’ అనే కొత్త పాఠం దాని పక్కన చేరి దాన్ని అణిచి ఉంచుతుంది. మెదడు ముందుభాగంలోని ప్రీఫ్రంటల్ కార్టెక్స్, భయానికి స్పందించే అమిగ్డలాను అదుపు చేయడమే ఇందులో కీలకం. తిరకాసేమిటంటే, ఆ కొత్త పాఠం నేర్చుకున్న చోటుకే అతుక్కుని ఉంటుంది. చోటు మారితే పాత భయం లేచి కూర్చుంటుంది. వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో మార్క్ బౌటన్ దీన్నే ఏళ్లతరబడి పరిశోధించారు. కాలిఫోర్నియాలో మిషెల్ క్రాస్కే ఆ ఫలితాలను చికిత్సలోకి తెచ్చారు. క్లినిక్‌లో ఒక్క కుక్కతో సరిపెట్టకుండా వీధిలో, పార్కులో, రకరకాల కుక్కలతో సాధన చేయించాలన్నది ఆ పద్ధతి. ఎలుకల ల్యాబును పట్టించుకోని థెరపిస్టు, ఇంటికెళ్లగానే భయం తిరిగొచ్చిన రోగిని చూసి ‘మీరు సరిగా ప్రయత్నించలేదు’ అనే ప్రమాదం ఉంది.

ల్యాబు తెలిసినవాళ్లకే ల్యాబు పేరుతో జరిగే మోసమూ తెలుస్తుంది. 2009లో క్రెయిగ్ బెన్నెట్ బృందం చచ్చిన సాల్మన్ చేపను, మెదడు పనితీరును బొమ్మకట్టి చూపే ఎఫ్‌ఎంఆర్‌ఐ స్కానర్‌లో పెట్టి, దానికి మనుషుల ఫొటోలు చూపించింది. గణాంకాలను సరిదిద్దకపోతే ఆ చేప మెదడూ ‘స్పందించినట్టే’ కనిపించింది! రంగురంగుల మెదడు బొమ్మ చూపించి ప్యాకేజీలు అమ్మేవాళ్ల ముందు కూర్చునే రోగికి, ఈ చేప కథ తెలిసిన థెరపిస్టే అండ.

మూడు పనులూ రోజూ సమపాళ్లలో చేయమని ఎవరూ అనడం లేదు. అయినా మన బోధనాసుపత్రుల్లో ప్రొఫెసర్లు ఓపీ చూస్తారు, వార్డులో పాఠం చెబుతారు, థీసిస్‌లు దిద్దుతారు. వాళ్లను పడవలు లెక్కపెట్టుకోమని ఎవరూ అనరు. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో క్లినికల్ సైకాలజీ విభాగం నడిచేదీ ఇలాగే.

ఎదుటివాళ్ల వాదనల్లో బలమైనది ఇంకొకటి. దేశంలో థెరపిస్టులే కరువైనప్పుడు పరిశోధన విలాసం కాదా? ఆ కరువు నిజమే. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. కానీ ఆ అంకె మన చేతికొచ్చిందే పరిశోధన వల్ల. ఒక థెరపిస్టు రోజుకు చూడగలిగేది కొద్దిమందినే. ఆ సంఖ్య పెరగాలంటే కొత్తవాళ్లకు నేర్పేవాళ్లు కావాలి. పైగా ఆ సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. మన జిల్లాల లెక్క తీయాలంటే తెలుగులో రోగి చెప్పుకునే బాధను విన్నవాళ్లు, ప్రశ్నావళిని తెలుగువాళ్ల మీద పరీక్షించి సరిచేయగలవాళ్లు, దాన్ని వాడటం జూనియర్లకు నేర్పగలవాళ్లు కావాలి. ఈ మూడూ తెలిసిన మనిషి ఒక్కరైనా లేని బృందం, వేరేచోట తయారైన ప్రశ్నలను అనువదించి ఇంటింటికీ పంచి వస్తుంది.