అమెరికా ప్రయాణం: టికెట్ కంటే ముందు రోజులు లెక్కేయండి

పటాన్‌చెరు, రామచంద్రాపురం, సంగారెడ్డి కాలనీల్లో ఉద్యోగ విరమణ చేసిన దంపతులు అమెరికాలో ఉన్న కొడుకు దగ్గరికో కూతురు దగ్గరికో బయల్దేరదామనుకుంటే ఇంట్లో మొదట లేచే ప్రశ్న ఒకటే: టికెట్ ఎంత పడుతుంది? దోహా మీదుగా వెళ్తే తగ్గుతుందా, దుబాయ్ మీదుగానా అని నెలల తరబడి ధరలు చూస్తుంటారు. అలా చూస్తే కొంత మిగిలే మాట నిజమే. కానీ ఖర్చును తేల్చేది అక్కడ ఎన్ని రోజులు ఉంటామన్నది, దాన్ని మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోరు. పర్యాటక వీసా మీద దిగినవారికి మామూలుగా ఆరు నెలల దాకా గడువిస్తారు కాబట్టి ఆరు నెలలూ ఉండి రావడమే పద్ధతి అయిపోయింది. పరిమిత ఆదాయం మీద బతికే కుటుంబానికి ఆరు నెలల కంటే ఆరు వారాల ప్రయాణమే అన్నివిధాలా మేలని నా అభిప్రాయం.

ఈ ప్రాంతపు ఆదాయం ఏపాటిదో చూడండి. పాశమైలారం, బొల్లారం ఫ్యాక్టరీల్లో పనిచేసి రిటైరైన కార్మికుడికి వచ్చేది ఈపీఎస్-95 పెన్షన్. 2014 సెప్టెంబరు నుంచి దానికి లెక్కించే జీతం మీద 15,000 రూపాయల పరిమితి ఉంది. ఆ జీతాన్ని సర్వీసుతో గుణించి 70తో భాగిస్తారు. అంటే పూర్తి పరిమితి మీద 35 ఏళ్ల సర్వీసున్నా చేతికొచ్చేది నెలకు 7,500 రూపాయలు. వీసా దరఖాస్తు రుసుము 185 డాలర్లు. డాలరుకు 90 రూపాయల చొప్పున చూస్తే ఇద్దరికీ కలిపి 33,300, అంటే నాలుగు నెలల పెన్షన్‌కు పైమాటే. వీసా రాకపోతే అది తిరిగి రాదు కూడా. ఒక్క ఊరట, ఒకప్పటిలా వీసా కోసం చెన్నై దాకా పోనక్కర్లేదు. 2008లో బేగంపేటలో మొదలైన అమెరికా కాన్సులేట్ 2023లో నానక్‌రామ్‌గూడకు మారింది, ముత్తంగి దగ్గర ఔటర్ ఎక్కితే దగ్గరే.

వీసా, టికెట్ ఖర్చులు ఒక్కసారితో పోతాయి. ఆరోగ్య బీమా అలా కాదు, దానికి రోజుల చొప్పున కట్టాలి, వయసు పెరిగేకొద్దీ రేటూ పెరుగుతుంది. ఆరు వారాలకయ్యే ప్రీమియానికి నాలుగు రెట్లకు పైగా ఆరు నెలలకవుతుంది. ఆ మొత్తం చూసి గుండె జారిన పిల్లలు చౌక పాలసీ వైపు మొగ్గుతారు. అందులో గది అద్దెకు ఇంత, ఆపరేషన్‌కు ఇంత అని ఒక్కోదానికీ పరిమితి రాసి ఉంటుంది. మిగతా బిల్లంతా మన నెత్తినే పడుతుంది. అంతకంటే ముఖ్యమైనది పాత జబ్బుల సంగతి. చాలా పాలసీలు ముందునుంచీ ఉన్న బీపీ, షుగర్, గుండె జబ్బులకు వర్తించవు. వర్తించినా అవి ఉన్నట్టుండి ముదిరినప్పుడు చేసే అత్యవసర చికిత్సకే, అదీ ఒక వయసు లోపు, ఒక మొత్తం లోపు. అక్కడ ఆసుపత్రిలో ఒక్క రాత్రి పడుకుంటే బిల్లు వేల డాలర్లలో వస్తుంది. అందుకే రోజులు తగ్గించుకుని, ఆ మిగిలిన డబ్బుతో మెరుగైన పాలసీ తీసుకోమంటున్నాను. అన్ని రోజులకూ సరిపడా గోలీలు, డాక్టరు చీటీతో సహా, ఇక్కడినుంచే పట్టుకెళ్లాలి.

లక్ష అటూ ఇటూ పెట్టి టికెట్ కొని ఆరు వారాలకే వచ్చేయడం దండగ కాదా అంటారు. టికెట్ వరకే చూస్తే ఆ మాట సరైనదే. కానీ ఎక్కువ రోజులున్నంత మాత్రాన టికెట్ డబ్బు వెనక్కి రాదు, దాని మీద ఇంకో ఖర్చు చేరుతుంది. వీసా సాధారణంగా పదేళ్లకు ఇస్తారు కాబట్టి ఇదే ఆఖరి ప్రయాణం కానక్కర్లేదు. పిల్లలే పెట్టుకుంటారులే అన్నది రెండో మాట. హెచ్1బీ ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి ఆ పిల్లలకుండే గడువు ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. వాళ్ల పొదుపు వాళ్లకే అవసరం. కూతురి పురిటికి వెళ్లే తల్లి సంగతి మాత్రం వేరు. అక్కడ నెలలు కావాలి, ఉండాలి కూడా.

ఆరు నెలలున్నా చాలామంది చూసేది శివారు ఇల్లు, వారాంతపు షికారు, అంతే. కారు నడపడం రాని పెద్దలకు బస్సూ రైలూ ఉన్న నగరం కావాలి. షికాగోనే తీసుకోండి. ఓహేర్ విమానాశ్రయం నుంచి నగరం నడిబొడ్డుకు బ్లూ లైన్ రైలు రాత్రీ పగలూ తిరుగుతుంది. ఐదారు డాలర్ల రోజు పాస్‌తో రోజంతా సిటీ బస్సులూ రైళ్లూ ఎక్కొచ్చు. మిషిగన్ సరస్సు ఒడ్డున నడవడానికి, లింకన్ పార్క్ జూ చూడటానికి పైసా ఇవ్వక్కర్లేదు. 1893లో వివేకానందుడు ప్రసంగించిన భవనం నేటి ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్. లోపలికి టికెట్ ఉన్నా ముందు నిలబడి చూసేందుకు అక్కర్లేదు. రెడ్ లైన్‌లో లయోలా దాకా వెళ్లి 155 నంబరు బస్సెక్కితే డెవాన్ అవెన్యూలో మన సరుకుల దుకాణాలు, మన భోజనం దొరుకుతాయి. కొడుకు ఉండేది శివారులోనైనా నాలుగు రోజులు ఇలా తిరిగేలా ముందే అనుకోవాలి. మే-జూన్ నెలల్లో, డిసెంబరులో టికెట్లు మండిపోతాయి, షికాగో చలికాలమేమో సున్నా కిందికి దిగుతుంది. సెప్టెంబరు, అక్టోబరు అన్నిటికీ అనువైన కాలం. బతుకమ్మ, దసరా ఇంట్లోనే చేసుకోవాలనుకునేవారు ఏప్రిల్ మధ్యలో బయల్దేరి మే చివరికి తిరిగి రావచ్చు.