పాటల వంతులో ఎవరి పాట రాలేదు?

ఆదివారం సాయంత్రం మన హాస్టల్‌లో జరిగే పాటల వంతు ఎలా మొదలైందో ఇప్పటి తమ్ముళ్లకు తెలిసి ఉండకపోవచ్చు. మేము తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు మా గది మొత్తానికి మెమొరీ కార్డు పెట్టే చిన్న స్పీకరు ఒక్కటే ఉండేది. సీనియర్లు చందాలు వేసుకుని నర్సీపట్నంలో కొన్నది. చింతపల్లి సంతకు వెళ్లిన ప్రతిసారీ ఎవరో ఒకరం పాటలు ఎక్కించే షాపులో డబ్బులిచ్చి కార్డు నింపించుకొచ్చేవాళ్లం. ఇక అక్కడి నుంచి గొడవ. ఒక హీరో పాట పెడితే ఇంకో హీరో అభిమాని కార్డు పీకేసేవాడు. ఒకరోజు దెబ్బలాట దాకా పోయింది. వార్డెన్ గారు స్పీకరు తీసుకెళ్లి బీరువాలో పెట్టి, వారం తర్వాత ఒక షరతు మీద తిరిగి ఇచ్చారు. తలకొక పాట. వంతు వచ్చినవాడి పాట పూర్తయ్యేదాకా ఎవరూ ఆపకూడదు, ఎవరూ ఎగతాళి చేయకూడదు.

ఆ షరతు మా చెవులను మార్చిందంటే అతిశయోక్తి కాదు. అప్పటిదాకా మాకు పాటంటే కొత్త సినిమా పాటే. వంతు వల్ల ఇళయరాజా వచ్చారు, రెహమాన్ వచ్చారు, మైకేల్ జాక్సన్ కూడా వచ్చాడు. చర్చికి వెళ్లే మిత్రులు క్రీస్తు కీర్తనలు పెట్టారు. అంబేద్కర్ జయంతికి తమ పేటలో పాడే పాటలను ఇద్దరు మిత్రులు పళ్లెం మీద దప్పు దరువు వేసి పాడారు. ఒకడు ఘంటసాల భగవద్గీత పెట్టగానే మేమంతా "ఎవరు పోయార్రా?" అని అడిగాం. చావు ఇంట్లో తప్ప మేము దాన్ని వినలేదు మరి. వాడు మాత్రం తాతయ్య రోజూ పొద్దున్నే పెట్టుకునేవాడని, అది వింటే ఇంటి దగ్గర ఉన్నట్టు ఉంటుందని చెప్పాడు. ఆ తర్వాత మేము నోరెత్తలేదు. ఒకడి ఇష్టమైన పాట విన్నామంటే వాడి ఇల్లు చూసొచ్చినట్టేనని ఆ సాయంత్రాల్లోనే తెలిసింది.

ఇంతవరకు చెప్పుకోవడానికి బాగానే ఉంది. చెప్పుకోవడానికి ఇబ్బందిగా ఉన్న సంగతి ఇంకొకటి ఉంది. దాని కోసమే ఈ వ్యాసం.

ఒక ఆదివారం కరెంటు పోయింది, స్పీకరులో చార్జింగ్ కూడా లేదు. నోటితోనే పాడదామనుకున్నాం. కొండ మీది ఊరి నుంచి వచ్చిన ఆరో తరగతి తమ్ముడి వంతు వచ్చింది. వాడు కువి భాషలో ఒక పాట అందుకున్నాడు. వాళ్ల ఊళ్లో ఇటుకల పండగకు ఆడవాళ్లు పాడేదట. రెండు చరణాలు కాకముందే ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరం నవ్వాం. మాలో కువి వచ్చినవాళ్లు ముగ్గురున్నారు. అందరికంటే గట్టిగా నవ్వింది ఆ ముగ్గురే. షరతు గుర్తు చేసినవాడు ఒక్కడూ లేడు. ఆ తమ్ముడు సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్లి మళ్లీ రాలేదు. ఆ పాట వల్లే రాలేదని మేము అనడం లేదు. ఇంటి దగ్గర ఏ ఇబ్బంది ఉందో మేము కనుక్కోలేదు. అయితే హాస్టల్‌లో వాడు పాడిన మొదటి పాటా, చివరి పాటా అదే.

మా ముగ్గురు మిత్రులు ఎందుకు నవ్వారో ఇన్నేళ్లకు మాట్లాడుకుంటే తేలింది. కువి వచ్చని తెలిస్తే తెలుగు సరిగా రాదనుకుంటారేమోనని భయం. ఇంట్లో అమ్మ పాడేది హాస్టల్ గేటు దగ్గరే వదిలేసి లోపలికి రావాలని ఎవరూ చెప్పలేదు. అయినా అందరం అదే చేశాం. కువి నిజానికి మన తెలుగుకు దగ్గరి చుట్టం, ద్రావిడ భాషల్లో రెండూ ఒకే శాఖ. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం కదా, ఆ రోజు ఎవరి పుట్టినరోజో ఆ గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చుకున్నారు. సవరల పాటలు, కథలు సేకరించారు. 1931లో సవర భాషకు వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. వ్యాసరచన పోటీల్లో ఆయన వ్యావహారిక భాషోద్యమం గురించి పేజీలు నింపాం. సవర సంగతి మాత్రం ఒక్క వాక్యంలో దాటేశాం.

"మన వార్షికోత్సవంలో ధింసా ఉంటుంది కదా" అని కొందరు మిత్రులు అన్నారు. ఉంటుంది. ముఖ్య అతిథి జీపు దిగగానే తుడుము, డప్పు, మోరి మోగుతాయి. అక్కచెల్లెళ్లు ఒకరి వెనుక నుంచి ఒకరు చేతులు పట్టుకుని ఆడతారు. అతిథి కూడా రెండడుగులు వేసి ఫొటో దిగుతారు. ఆ తర్వాత స్టేజి మీద జరిగేదంతా సినిమా పాటలే. ధింసాను గేటు దగ్గరే ఉంచి, స్టేజిని ఇంకొకరికి ఇవ్వడం పాటను గౌరవించడం ఎలా అవుతుంది? 1922 ఆగస్టు 22న అల్లూరి దళం మన చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడి చేసింది. ఆ పోరాటం మీద 1974లో వచ్చిన సినిమాలో శ్రీశ్రీ రాసిన పాటకు జాతీయ అవార్డు దక్కింది. మాకూ అది ఇష్టమే, ఎన్నో వంతుల్లో పెట్టుకున్నాం. ఈ కొండల వీరుడి మీద కట్టిన పాటకు అంత పేరు వచ్చింది, ఈ కొండల భాషల్లో పాటకు మన గదిలోనే వంతు రాలేదు.

సినిమాలోకి వస్తేనే జానపదానికి విలువ అనే మాట కూడా విన్నాం. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే మొగిలయ్య గారిని 2021లో భీమ్లా నాయక్ పాట తర్వాతే మనలో చాలామంది గుర్తుపట్టాం. 2022లో పద్మశ్రీ వచ్చింది. సంతోషమే. కానీ అంతకుముందు ఎన్నో ఏళ్లుగా ఆయన వాయించింది కూడా ఆ కిన్నెరే.

1977లో అమెరికా పంపిన వాయేజర్ నౌకల్లో ఒక బంగారు పూత పళ్లెం పెట్టారు. భూమి మీది మనుషులు ఎలాంటివారో చెప్పడానికి సుమారు 90 నిమిషాల సంగీతం అందులో ఉంది. 55 భాషల్లో పలకరింపులు కూడా ఉన్నాయి, తెలుగుతో సహా. బాక్, బీథోవెన్ పక్కనే చక్ బెర్రీ రాక్ పాట ఉంది. మన దేశం నుంచి కేసర్‌బాయి కేర్కర్ గానం ఉంది. ఆఫ్రికా అడవుల్లోని పిగ్మీ ఆడపిల్లల పాట, అమెరికా ఆదివాసులైన నవాహోల రాత్రి పాట కూడా అదే పళ్లెంలో ఉన్నాయి. పెద్ద సంగీతాలన్నీ అయ్యాక చివర్లో పడేసినవి కావు, వాటి మధ్యలోనే ఉన్నాయి. కార్ల్ సాగన్ బృందం చేసింది కూడా మన వార్డెన్ గారి వంతు లాంటిదే, కాకపోతే వాళ్లు ఎవరి పాటకూ నవ్వలేదు.

పాటలు చదువు చెడగొడతాయనే పెద్దలకు ఒక్క మాట. మేము డిగ్రీ దాటి పీజీ దాకా వచ్చాం, ఆదివారం పాటల వంతు ఒక్కటి కూడా మానలేదు.

తమ్ముళ్లూ, మీ చేతుల్లో ఇప్పుడు ఫోన్లున్నాయి, చెవుల్లో ఇయర్‌ఫోన్లున్నాయి. ఎవరి పాట వాళ్లదే, కాబట్టి గొడవ లేదు. పక్క మంచం మీదివాడు ఏం వింటున్నాడో తెలిసే దారీ లేదు. ఆదివారం ఒక్క గంట ఆ తీగలు తీసేసి మళ్లీ వంతు పెట్టండి. కువి, ఆదివాసీ ఒడియా, తెలుగు, హిందీ, ఇంగ్లీషు ఏదైనా సరే. ఈ సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అమ్మ, అమ్మమ్మ పాడేవి అడిగి, వాళ్లు ఒప్పుకుంటే ఫోన్లో రికార్డు చేసి, అర్థం కూడా రాసుకురండి.

ఈ వార్షికోత్సవానికి మా బ్యాచ్ కూడా వస్తోంది. స్టేజి మీద మాకు పది నిమిషాలు ఇమ్మని వార్డెన్ గారిని అడిగాం. ఆనాడు నవ్విన ముగ్గురూ ఇళ్లకు వెళ్లి అడిగి ఒక కువి పాట నేర్చుకున్నారు, మాకు నేర్పుతున్నారు. మాకు వచ్చింది ఇంకా సగమే. మిగతా సగం తెలిసినవాళ్లు దయచేసి ముందు వరుసలో కూర్చోండి.