మన కంప్యూటర్లకు పట్టిన చీడ

ఈ సంచిక మూడు వారాలు ఆలస్యంగా పాఠకుల చేతికి అందుతున్నది. కారణం చెప్పుకొనక తప్పదు. ఉర్దూ విభాగానికి విద్యార్థులు వ్రాసిన గజళ్ళను, వ్యాసాలను బయట టైపు చేయించి, పెన్‌డ్రైవులో కళాశాల ప్రయోగశాలకు తెచ్చాము. తెరచి చూడగా ఫోల్డర్ల స్థానంలో షార్ట్‌కట్‌లు మాత్రమే ఉన్నవి. వాటిని నొక్కినకొద్దీ ఆ చీడ ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి ప్రాకినది. ఏమీ తోచక పెన్‌డ్రైవును ఫార్మాట్ చేశాము. తెలుగు విభాగపు పెన్‌డ్రైవుకు కూడా అదే గతి పట్టించబోతున్న తరుణంలో ఒక పూర్వవిద్యార్థి దానిని తన లినక్స్ లాప్‌టాప్‌కు తగిలించగా, ఫోల్డర్లన్నీ చెక్కుచెదరక కనిపించినవి! వైరస్ వాటిని చెరపలేదు, విండోస్ కంటికి కనబడకుండా దాచినది, అంతే. ఉర్దూ పుటలను పోగొట్టినది మా తొందరపాటే. విద్యార్థులు వాటిని మరల వ్రాసి ఇచ్చారు. ఒకరిద్దరికి తమ గజళ్ళు పూర్తిగా జ్ఞాపకం రాలేదు.

నాటి నుండి మా మధ్య ఒక చర్చ సాగుతున్నది. విండోస్‌ను విడిచి లినక్స్‌కు మారవచ్చునా? కళాశాల కమిటీ పెద్దల ముందు కూడా ఈ ప్రశ్ననే ఉంచుతున్నాము.

ఈ చీడ నిన్న మొన్నటిది కాదు. పర్సనల్ కంప్యూటర్ల తొలి వైరస్‌లలో ఒకటైన ‘బ్రెయిన్’ 1986లో లాహోరులో ఇద్దరు సోదరుల చేతిలో పుట్టినది. వారు తమ పేర్లను, చిరునామాను, ఫోను నంబరును సైతం అందులోనే వ్రాసి పెట్టారు. నేటి దొంగలకు అంతటి మర్యాద లేదు. 2017 మే నెలలో ‘వన్నాక్రై’ సుమారు 150 దేశాలలో ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగినది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని వాత పడినవి. ఆ లోపాన్ని సరిదిద్దే అప్‌డేట్ మాత్రం రెండు నెలల ముందే, మార్చిలోనే, విడుదలై ఉన్నది. దానిని వేసుకొననివారు, కాలం చెల్లిన విండోస్‌తో నెట్టుకొని వస్తున్నవారు నష్టపోయారు.

మన స్థితి కూడా అదే. ప్రయోగశాలలో ఉన్నది విండోస్ 10. దానికి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11కు తగిన శక్తి మన పాత యంత్రాలకు లేదు. కొత్తవి కొనే స్తోమత కళాశాలకు ఉన్నదో లేదో కమిటీవారికే ఎరుక. లినక్స్‌కు వెల లేదు. 1991లో ఫిన్లాండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన ఆ వ్యవస్థ పాత యంత్రాలపై కూడా నడుస్తుంది. విండోస్ కొరకు వ్రాసిన వైరస్ దానిలో తనంత తాను పనిచేయలేదు. కేరళ ప్రభుత్వ పాఠశాలలలో పిల్లలు ఏళ్ళ తరబడి దానిపైనే చదువుకొంటున్నారు. అట్లని అది అభేద్యమైన కోట అని మేము భ్రమపడుటలేదు. 2024లో లినక్స్ వాడే ‘ఎక్స్‌జెడ్’ అను చిన్న ఉపకరణంలోకి ఎవరో దొంగదారి చొప్పించగా, ఒక ఇంజనీరు జాగరూకత వలన అది సకాలంలో బయటపడినది.

అసలు చిక్కు వేరే ఉన్నది. మన పత్రిక రెండు కాళ్ళూ విండోస్‌లోనే పాతుకొని ఉన్నవి. ఉర్దూకు ఇన్‌పేజ్, తెలుగుకు అను ఫాంట్లు. ఈ ఫైళ్ళు మరొక చోట తిన్నగా తెరచుకొనవు. యూనికోడ్‌లో వ్రాసినది ఏ యంత్రంలోనైనా తెరచుకొంటుంది. తెలుగుకు మంచి ఉచిత ఫాంట్లు వచ్చినవి, ఉర్దూకు నోటో నస్తాలిఖ్ ఉన్నది. నూరీ నస్తాలిఖ్ సొగసు దానిలో లేదని మా ఉర్దూ అధ్యాపకులు అంటున్నారు. నిజమే, పంక్తుల నడుమ ఎడం ఎక్కువ. కాని ఆ సొగసు కొరకు ఏటేటా పుటలను పణంగా పెట్టుట మాకు సమ్మతం కాదు.

కామర్సు విద్యార్థులకు టాలీ కావాలి గనుక విండోస్‌ను పూర్తిగా తొలగించుమని మేము కోరుటలేదు. ప్రయోగశాలలో సగం యంత్రాలకు లినక్స్ వేసి, పెన్‌డ్రైవులను ముందుగా అక్కడనే తెరవాలి. తక్కిన సగానికి ఉన్న విండోస్ అసలు ప్రతియేనా అని కమిటీవారు ఒకసారి విచారించాలి. ఈ మాట వ్రాయుటకు మాకే సిగ్గుగా ఉన్నది.

వచ్చే సంచికకు రచనలను యూనికోడ్‌లోనే స్వీకరిస్తాము. గ్రంథాలయపు బీరువాలో పాత సంచికల ఉర్దూ పుటలు ఇన్‌పేజ్ ఫైళ్ళుగా సీడీలలో ఉన్నవి. వాటిని మార్చే పనికి పూనుకొనదలచిన విద్యార్థులు వేసవి సెలవులకు ముందే పేర్లు ఇవ్వవలెను. సీడీలు చదివే యంత్రం కళాశాలలో ఇంకా ఒక్కటే మిగిలి ఉన్నది.