ఒకే బెత్తం, రెండు భాషలు

తెలుగు ఏమైపోతోందో అని బాధపడే సభల్లో ఐర్లాండ్ పేరు ఎక్కడో ఒకచోట వినిపిస్తుంది. కథ ఎప్పుడూ ఒకటే. ఇంగ్లీషువాడు బళ్ళు పెట్టాడు, పిల్లల్ని కొట్టి వాళ్ళ భాష మాన్పించాడు, ఐరిష్ పోయింది. రేపు మన గతీ అంతే, కాబట్టి ప్రభుత్వం వెంటనే ఒక జీవో తేవాలి. చప్పట్లు. ఆ తర్వాత అందరూ కార్లెక్కి, వెనక సీట్లో పిల్లలతో ఇంగ్లీషులో మాట్లాడుకుంటూ ఇళ్ళకెళ్ళిపోతారు.

పిల్లల సంగతి పక్కన పెడదాం. నా పేచీ ఆ కథతోనే. అది సగం నిజం. సగం నిజం మీద కట్టిన ఉద్యమం ఎంత దూరం పోతుందో ఐర్లాండే వందేళ్ళుగా చూపిస్తోంది.

ముందు బెత్తం సంగతి. ఐర్లాండ్‌లో పిల్లాడి మెడలో ఒక కర్ర కట్టేవాళ్ళు. ఐరిష్ మాట దొర్లినప్పుడల్లా దాని మీద ఒక గాటు. సాయంత్రం గాట్లు లెక్కపెట్టి దెబ్బలు. చాలా ఇళ్ళల్లో ఆ గాట్లు పెట్టింది తల్లిదండ్రులే. సముద్రం అవతల వేల్స్‌లోనూ ఇదే తంతు. వెల్ష్ మాట్లాడిన పిల్లాడి మెడలో ఒక చెక్క ముక్క వేలాడదీసేవాళ్ళు. వాడు ఇంకో పిల్లాణ్ణి వెల్ష్ మాట్లాడుతుండగా పట్టుకుంటే చెక్క వాడి మెడలోకి మారుతుంది. బడి వదిలే వేళకి ఎవడి మెడలో ఉంటే దెబ్బలు వాడికి. చట్టం కూడా వేల్స్‌కి ఏమీ చుట్టం కాదు. 1536 చట్టం వెల్ష్ మాత్రమే వచ్చినవాళ్ళకి ప్రభుత్వ పదవులు లేకుండా చేసింది. 1847లో వెల్ష్ రాని ముగ్గురు ఇంగ్లీషు కమిషనర్లు వచ్చి, ఈ జనం వెనకబాటుకీ నీతి లేకపోవడానికీ వాళ్ళ భాష ఒక కారణమని నివేదిక రాసిపోయారు.

బెత్తం అదే, పాలకుడూ అతడే. ఇప్పుడు 1901 జనాభా లెక్కలు చూడండి. వేల్స్‌లో సగం మందికి వెల్ష్ వచ్చు. ఐర్లాండ్‌లో ఐరిష్ వచ్చినవాళ్ళు నూటికి పద్నాలుగు మంది. బెత్తమే కారణమైతే ఈ తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది?

కడుపు దగ్గర్నుంచి వచ్చింది. 1845లో ఐర్లాండ్ బంగాళాదుంప పంటకి తెగులు పట్టింది. 1852 దాకా సాగిన ఆ కరువులో పది లక్షల మంది చచ్చిపోయారు. ఇంకో పది లక్షల పైన ఓడలెక్కి పోయారు. అందరికన్నా ఎక్కువ నష్టపోయింది పడమటి, దక్షిణ ప్రాంతాల కూలీలు, చిన్న కౌలుదార్లు. అంటే ఐరిష్ మాట్లాడేవాళ్ళు. 1847 వేసవిలో ప్రభుత్వ గంజి కేంద్రాలు రోజుకి ముప్ఫై లక్షల మందికి అన్నం పెట్టాయి. పెట్టగలమని రుజువయ్యాక వాటిని మూసేశారు. పావు ఎకరం మించి భూమి చేతిలో ఉంటే సాయం లేదన్నారు. సాయం కావాలంటే భూమి వదులుకో, వదులుకుంటే ఊరే వదులుకో. అటు దేశంలోంచి తిండి ఎగుమతి మాత్రం ఆగలేదు.

ఆ సహాయ కార్యక్రమాన్ని లండన్ ఖజానా నుంచి నడిపినాయన చార్లెస్ ట్రెవెల్యన్. మెకాలేకి బావమరిది. మన దేశంలో ఇంగ్లీషు చదువు కావాలని మెకాలేతో కలిసి వాదించినవాడు. ఐర్లాండ్ కరువు తర్వాత, 1859లో, మద్రాసు గవర్నరుగా వచ్చాడు. మన కోస్తా, సీమ జిల్లాలు అప్పుడు ఆయన ఏలుబడిలోవే. బడి గురించి మెకాలేని తిట్టడం మనకి బాగా అలవాటు. ఐరిష్‌కి మాత్రం మెకాలే బడికన్నా ట్రెవెల్యన్ ఖజానా ఎక్కువ చేటు చేసింది. నేను సామ్రాజ్యాన్ని నిర్దోషి అనట్లేదు. నేరం అది కాదు, ఇంకా పెద్దదీ అంటున్నాను.

1841లో 81 లక్షలున్న ఐర్లాండ్ జనం 1911కి 44 లక్షలయ్యారు. బిడ్డ పుట్టగానే వాడు బోస్టన్‌కో న్యూయార్క్‌కో పోవాల్సినవాడని తెలిసిన తల్లి వాడికి ఏ భాష నేర్పిస్తుంది? కర్ర మీద గాటు పెట్టిన ఆ తండ్రిని తల్లిభాషా ద్రోహి అనడం తేలిక. తన పిల్లాడికి ఓడ టిక్కెట్టుతో పాటు ఇంకో టిక్కెట్టు ఇస్తున్నాననుకున్నాడాయన. ఐర్లాండ్ ప్రజానాయకుడు డేనియల్ ఓకానెల్ ఐరిష్ మాట్లాడుతూ పెరిగినవాడే. ఇంగ్లీషు వల్ల లాభం ఎక్కువ కనక ఐరిష్ మెల్లగా పోతున్నా తనకి బాధ లేదన్నాడు. ఆయన్ని ఎవరూ బెత్తంతో కొట్టి చెప్పించలేదు.

ఇదే కాలంలో వేల్స్ జనాభా రెట్టింపైంది. దక్షిణ లోయల్లో బొగ్గు పడింది. పల్లె వదిలిన వెల్ష్ రైతుబిడ్డ అట్లాంటిక్ దాటక్కర్లేకుండా రాండా లోయలో గనికి వెళ్ళాడు. పక్కన పనిచేసేవాడూ వెల్ష్ వాడే, కూలీ దొరికిందీ వెల్ష్ మాట్లాడుతూనే. తర్వాత ఇంగ్లండ్ నుంచి జనం వచ్చి పడ్డారు, 1920ల్లో గనులు చితికాయి, భాషా పల్చబడింది. పెరగడమూ తగ్గడమూ రెండూ జీతం వెంటే నడిచాయి.

రెండో తేడా అచ్చు. 1588లోనే వెల్ష్‌లో బైబిల్ మొత్తం వచ్చేసింది. పద్దెనిమిదో శతాబ్దంలో గ్రిఫిత్ జోన్స్ అనే చర్చి గురువు ఊరూరా తిరిగే బళ్ళు పెట్టి, ఆయన లెక్కల ప్రకారం లక్షన్నర మందికి పైగా సొంత భాషలో చదవడం నేర్పించాడు. పందొమ్మిదో శతాబ్దంలో థామస్ జీ డెన్బీ అనే చిన్న ఊళ్ళో కూర్చుని వెల్ష్‌లో పది సంపుటాల విజ్ఞాన సర్వస్వం వేశాడు. మనకి కొమర్రాజు వారు గుర్తొచ్చే పని. ఐరిష్‌లో గొప్ప కవిత్వం ఉంది, కథలున్నాయి, అవి ఎక్కువగా నోటి మీదా రాతప్రతుల్లోనూ ఉండిపోయాయి. ఐరిష్ మాట్లాడేవాడికి చదవడం వచ్చిందంటే ఇంగ్లీషు చదవడమే వచ్చేది.

ఇక జీవో దగ్గరికి వద్దాం. 1922లో ఐర్లాండ్‌లో చాలా భాగానికి స్వతంత్ర ప్రభుత్వం వచ్చింది. ఐరిష్ జాతీయ భాష అయింది. 1937 రాజ్యాంగంలో మొదటి అధికార భాష. బళ్ళో తప్పనిసరి. 1973 దాకా ఐరిష్ తప్పితే స్కూలు ఫైనల్ పరీక్ష మొత్తం తప్పినట్టే. మన భాషాభిమానులు కలలు కనేవన్నీ అక్కడ జరిగాయి. ఫలితం 2022 జనాభా లెక్కల్లో ఉంది: ఐరిష్ వచ్చునన్నవాళ్ళు 18 లక్షల 70 వేల పైన. బడి బయట రోజూ మాట్లాడేవాళ్ళు 72 వేల లోపు.

ఒక సబ్జెక్టుగా బతకడమంటే ఇదే. మార్కులొస్తాయి, మాట రాదు.

ఈ అధికారిక భాషాభిమానాన్ని 1941లోనే ఉతికి ఆరేసినవాడు ఐరిష్‌లో రాసిన ప్రభుత్వోద్యోగి, మనం ఫ్లాన్ ఓబ్రయన్ అనుకునే రచయిత. 'అన్ బేల్ బొఖ్త్' నవలలో పట్నం భాషాభిమానులు పల్లెకొచ్చి, తడిసిన గుడిసెల్లో పందులతో పాటు బతికే పేదవాళ్ళ నోట స్వచ్ఛమైన ఐరిష్ విని మురిసిపోతారు. పల్లెటూరి మాండలికాన్ని పాడ్‌కాస్ట్‌లో ముద్దు చేసే మన తరం ఆ పుస్తకం చదివితే కొంచెం ఇబ్బంది పడుతుంది. పడాలి కూడా.

వేల్స్‌లో ఏం జరిగింది? లానెల్లి దగ్గర లాన్‌గెనెక్ అనే ఊళ్ళో బీస్లీ దంపతులుండేవాళ్ళు. భర్త ట్రెవర్ గని కార్మికుడు, భార్య ఐలీన్ టీచరు. ఇంటి పన్ను నోటీసు వెల్ష్‌లో ఇస్తేనే కడతామని 1952లో మొండికేశారు. కోర్టుకి పదిసార్లకు పైగా తిప్పారు. జప్తువాళ్ళొచ్చి ఇంట్లో సామాను పట్టుకుపోయారు. ఎనిమిదేళ్ళు గడిచాక, 1960లో, రెండు భాషల నోటీసు వచ్చింది. 1962 రేడియో ప్రసంగంలో సాండర్స్ లూయిస్ ఈ దంపతుల్ని చూపించే యువతని రెచ్చగొట్టాడు. వెల్ష్ భాషా సంఘం అప్పుడే పుట్టింది. ఆ కుర్రాళ్ళు రోడ్లకడ్డం కూర్చున్నారు, జైళ్ళకెళ్ళారు. 1980లో వెల్ష్ టీవీ ఛానల్ ఇస్తామన్న మాట ప్రభుత్వం తప్పితే గ్విన్‌ఫర్ ఎవాన్స్ ఆమరణ దీక్ష చేస్తానన్నాడు. మనకి ఎవరు గుర్తొస్తారో చెప్పనక్కర్లేదు. దీక్ష మొదలవకముందే ప్రభుత్వం దిగొచ్చింది. 1982లో ఛానల్ వచ్చింది. చట్టాలు అక్కడా వచ్చాయి, కానీ జనం వెనకాల నడిచి వచ్చాయి.

వేల్స్ గెలిచిందని కూడా నేను అనను. 2021 లెక్కల్లో వెల్ష్ వచ్చినవాళ్ళు 17.8 శాతమే. అయితే బడి అక్కర్లేదా అంటారు. కావాలి. 1939లో అబరిస్ట్విత్‌లో మొదటి వెల్ష్ మీడియం ప్రాథమిక పాఠశాల ఏడుగురు పిల్లలతో మొదలైంది, అదీ ప్రభుత్వం పెట్టింది కాదు. అడిగే తల్లిదండ్రులుంటే బడి భాషని నిలబెడుతుంది. అడిగేవాళ్ళు లేనిచోట బడి భాషని పరీక్షగా మారుస్తుంది.

మా ఆఫీసులో నలుగురు తెలుగువాళ్ళం టీ దగ్గర తెలుగు మాట్లాడతాం, మీటింగు గదిలో మేమే నలుగురం ఉన్నా ఇంగ్లీషులోకి మారిపోతాం. ఎవరి చేతిలోనూ బెత్తం లేదు. తెలుగు వచ్చినందుకు మా ఎవరికీ ఒక్క రూపాయి జీతం పెరగదు, రానందుకు తగ్గదు. ఈ లెక్క మా పిల్లలకి మేం చెప్పక్కర్లేదు, వాళ్ళకి కనిపిస్తూనే ఉంటుంది. ఇది మార్చకుండా తెలంగాణలో 2018లో చేసినట్టు బళ్ళో తెలుగు తప్పనిసరి చేస్తే వచ్చేది ఇంకో పరీక్ష పేపరే.

కాబట్టి వచ్చే సభలో ఐర్లాండ్ పేరెత్తేవాళ్ళని జీవో ఎప్పుడొస్తుందని అడక్కండి. తెలుగులో లేని ఏ నోటీసు వెనక్కి పంపావు, తెలుగులో ఎవరికి పని ఇచ్చావు అని అడగండి. ముందు ఈ ప్రశ్న మనలాంటి జీతగాళ్ళకే తగులుతుంది. బీస్లీ కూడా జీతగాడే.