కొళాయి నీరు ఎగదన్నితే?

కాల్వ నీరు ఎగదన్నడం డెల్టా రైతుకు కొత్త కాదు. సముద్రం పోటు మీదుంటే మురుగు కాల్వ దిగదు సరికదా, నీరు పొలాల మీదికి వస్తుంది. ఇంటి కొళాయి గొట్టంలోనూ అదే జరుగుతుందన్న సంగతి మాత్రం చాలామందికి పట్టడం లేదు.

ఇంటింటికీ కొళాయి ఇచ్చి మనిషికి రోజుకు 55 లీటర్లు అందించాలని కేంద్రం 2019లో జల జీవన్ మిషన్ చేపట్టింది. మంచిదే. అయితే గ్రామాలలో నీరు వదిలేది పూటకు కొద్దిసేపే. నీరు కట్టేయగానే గొట్టం ఖాళీ అవుతూ, దారి దొరికిన చోటల్లా బయటి నీటిని లోపలికి పీల్చుకుంటుంది. కుడితి తొట్టిలో మునిగిన రబ్బరు గొట్టం, పురుగు మందు కలిపే డ్రమ్ములో వేసిన గొట్టం, నీరు ఎక్కక గొయ్యి తీసి దించిన కొళాయి - అన్నీ దారులే. కొళాయి గొట్టానికే మోటారు బిగిస్తే, మురుగు కాల్వ పక్కన వదులైన అతుకుల గుండా మురుగు కూడా లోపలికి వస్తుంది. మర్నాడు ఆ నీరే బిందెలకెక్కుతుంది. చూపుకు తేటగానే ఉండవచ్చు.

1933లో చికాగో ప్రపంచ ప్రదర్శన సమయంలో హోటళ్లలో మురుగు నీరు మంచినీటి గొట్టాలలో కలిసి సుమారు 1,400 మందికి జిగట విరేచనాలు పట్టుకున్నాయి. దాదాపు 100 మంది మరణించారు. అంత దూరం పోనక్కరలేదు. 2018 మార్చిలో గుంటూరులో మంచినీటిలో మురుగు కలిసి అతిసారం వ్యాపించి పలువురు ప్రాణాలు కోల్పోయారు. అమెరికాలో చాలాచోట్ల నీరు ఎగదన్నకుండా ఆపే వాల్వులను ఏటా పరీక్షించడం నియమం.

మోటార్లు పెట్టినవారికి జరిమానా వేస్తే చాలునని కొందరి వాదన. చాలదు. శివారు ఇంటికి నీరు ఎక్కనంతకాలం ఆ ఇంటివారు గొయ్యి తీయక ఏం చేస్తారు? ఎగువన మోటారు పెడితే దిగువన గొయ్యి పడుతుంది. కాబట్టి ముందు శివారు కొళాయికి నీరందేలా గ్రామీణ నీటి సరఫరా శాఖ చూడాలి. ఆ తర్వాత మోటార్లు తీయించి, గోతులు పూడ్పించే హక్కు పంచాయతీకి ఉంటుంది.

కంకిపాడు వంటి మండల కేంద్రం ఇందుకు నాంది పలకాలి. ఏడాదికోసారి ఇంటింటి కొళాయి తనిఖీ చేయాలి. మురుగు కాల్వలో నుంచి పోతున్న గొట్టాలను పక్కకు మార్చాలి. శివారు కొళాయి నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉన్నదో లేదో తరచు పరీక్షించి, ఆ ఫలితాన్ని పంచాయతీ బోర్డు మీద రాయాలి.

ఇళ్లవారి బాధ్యతా లేకపోలేదు. కొళాయి మూతి తొట్టి అంచుకు రెండంగుళాల పైన ఉండాలి. పని అయ్యాక రబ్బరు గొట్టం తీసివేయాలి. మోటారు కావలసినవారు నీటిని ముందు తొట్టిలో పట్టుకుని, అక్కడి నుంచి తోడుకోవాలి. దీనికి పెద్ద ఖర్చేమీ కాదు. అతిసారం వచ్చాక ఆస్పత్రికయ్యే ఖర్చుతో పోలిస్తే అసలు ఖర్చే కాదు. వచ్చే గ్రామసభలోనే ఈ విషయం చర్చకు రావడం అవసరం.